గట్టు దిగని మనిషి

బుక్కరాయసముద్రం దగ్గర ఆటో ఆగింది. ఎక్కాల్సిన మనిషి రాలేదని డ్రైవరు హారన్ కొడుతూ కూర్చున్నాడు. నేను ఊరికే కూర్చోలేక, ఎదురుగా రెండు స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీ చదువుతున్నాను. నా చదువు పెద్ద చదువేమీ కాదు. పొదుపు సంఘంలో నేర్చుకున్న అక్షరాలు, ఒకటొకటి కూడబలుక్కుంటే మాట అవుతుంది. పైన పెద్ద ఫోటో, మెడలో దండ, మూతి తెరవకుండా నవ్వే ఆ నవ్వు. 'అశ్రునివాళి' అన్న మాట దాటడానికే చాలాసేపు పట్టింది. కింద 'శోకసంద్రంలో మునిగిన రైతులు' అని వరసగా పేర్లు. ఏడో పేరు దగ్గర ఆగిపోయాను. అది నా పేరు. ఇంటిపేరుతో సహా.

నేను ఏ శోకంలోనూ మునగలేదు. ఆ మనిషి చచ్చాడని నాకు తెలిసిందే అప్పుడు. ఆటోలోంచి తల బయట పెట్టి ఉమ్మేశాను. పక్కన కూర్చున్న ఆమె ఎవరో నాకు తెలియదు. ఫ్లెక్సీ వైపు చూసి, "గుండెపోటంటమ్మా. శానా మంచోడంట" అంది. నేను పలకలేదు. పలికితే ఆటో అనంతపురం చేరేదాకా ఆగేదాన్ని కాను. అప్పుడు ఆపుకున్నదే ఇప్పుడు చెబుతున్నాను.

పోయినవాడు కదా, ఆయన అనాలి. నోరు తిరగడం లేదు. వాడనే అంటాను.

సముద్రం అవతల మన వేరుశనగ కొనే కంపెనీకీ, మా ఊరి పక్కనున్న మిల్లుకూ మధ్య మనిషి వాడు. మన జిల్లావాడే. "ఆ దేశంలో చట్టమొచ్చిందమ్మా" అని మొదటి రోజే చెప్పాడు. గింజ ఏ చేనులో పుట్టింది, ఎవరు పండించారు, ఎవరు ఒలిచారు, చిన్నపిల్లల చేత పని చేయించారా, ఏ మందు కొట్టారు, అన్నీ రాసి ఉంటేనే ఓడలోంచి సరుకు దించనిస్తారట. ఆ రాసే ఉద్యోగం వాడిది. ఊళ్ళో ప్రతి చేనుకూ ఒక నంబరు ఇచ్చాడు. బస్తా మీద ఆ నంబరు వేస్తారు. అందుకని అందరూ నంబర్ల సారు అనేవాళ్ళు. ఆ చట్టం పెట్టినవాళ్ళను నేనేమీ అనను. తినేవాళ్ళు పండించినవాళ్ళ పేరు తెలుసుకోవాలనుకోవడంలో తప్పేముంది. తప్పంతా ఆ పేరు మోసుకుపోయిన చేతుల్లో ఉంది.

వచ్చిన ప్రతిసారీ ముందు జేబురుమాలు తీసి మా మంచం మీద పరిచి, దాని మీద కూర్చునేవాడు. లేచేటప్పుడు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని దులిపి, మడిచి, వేరే కవర్లో పెట్టుకునేవాడు. మా మంచానికి గజ్జి ఉన్నట్టు. నీళ్ళిస్తే తాగడు, సీసా తెచ్చుకుంటాడు. వేయించిన కాయలు చేటలో పోసి ముందు పెడితే, ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మళ్ళీ చేటలోనే వేసేవాడు. అన్నేళ్ళలో వాడు ఒక్క గింజ నమలడం నేను చూడలేదు. మా గింజల మీదే వాడి బతుకంతా.

కాగితాలు తిప్పడానికి చూపుడువేలు నాలుకకు రాసుకునేవాడు. నాలుక బయటికొచ్చేది, లావుగా, తెల్లటి పాచి పట్టి. ఆ తడివేలితో కాగితం తిప్పి, అదే చేత్తో నా బొటనవేలు పట్టుకుని, సిరా డబ్బాలో అద్ది, కాగితం మీద దొర్లించేవాడు. నాకు సంతకం వచ్చని మొదటిసారే చెప్పాను.

"నువ్వు రాసేలోపల నాకు బస్సు పోతాది. యేలు తా" అన్నాడు.

మెత్తటి చేయి వాడిది. ఎప్పుడూ చెమ్మగా ఉండేది. పదిమంది ఆడవాళ్ళం వరసలో నిలబడితే పదిమంది వేళ్ళకూ వాడి ఎంగిలి అంటేది. ఇంటికి పోయి బూడిద పెట్టి తోముకునేవాళ్ళం. సిరా పోయినా ఆ చెమ్మ పోయినట్టుండేది కాదు.

ప్రశ్నలు వాడే అడిగి, జవాబులు వాడే చెప్పుకునేవాడు. పిల్లలు పని చేస్తారా, చెయ్యరు. మందు కొడతారా, కొట్టరు. నీడ ఉందా, ఉంది. ఎవరైనా బలవంతం చేశారా, లేదు. మా ముఖాల వైపు చూడకుండా గీతలు పెట్టుకుంటూ పోయేవాడు. మా ఓబులమ్మకు నోరు ఊరుకోదు. మిల్లు యార్డులో నా పక్కనే కూర్చుని కాయలు ఒలుస్తుంది, వరసకు చెల్లెలవుతుంది. ఒకరోజు అందరి ముందూ అడిగేసింది.

"కడుపునిండా తింటారా అని ల్యాదా సారూ, ఆ కాగితంలో?"

"అది అడగరమ్మా."

"అడిగితే బాగుండు. దానికి నువ్వేం రాస్తావో సూస్తాంటిమి."

అందరం నవ్వాం. వాడూ నవ్వాడు, మూతి తెరవకుండా. తర్వాత వాడి మాట ఒకటి అన్నాడు. రోజుకు పదిసార్లు అనేవాడు ఆ మాట. "కాగితం మాట్లాడతాదమ్మా, మనం గమ్మునుండాల."

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నేనూ వాడిలాగే సగం దాచినదాన్ని అవుతాను. యార్డులో ఎండకు మాడిపోతుంటే రేకుల షెడ్డు వేయించింది వాడే. ఆ షెడ్డు ఇప్పటికీ ఉంది. ఊళ్ళో వాడికి మంచోడనే పేరు దానివల్లే వచ్చింది. ఇంకా, వాడికి పైవాళ్ళ దగ్గర్నుంచి ఫోను వస్తే మంచం మీద నుంచి లేచి నిలబడేవాడు. ఫోనులో మనిషి నిలబడ్డాడా కూర్చున్నాడా ఎవరికి తెలుస్తుంది. అయినా నిలబడి, నడుం వంచి, "ఎస్ సార్, అయిపోతాది సార్" అనేవాడు. చొక్కా వీపు తడిసిపోయేది. మొదట్లో అది చూసి పాపమనిపించేది. ఫోను పెట్టేసిన మరుక్షణం మా వైపు తిరిగి, "ఏం సూస్తాండారు, పని ల్యాదా" అనేవాడు. అప్పుడు ఆ జాలి నోట్లోనే పుల్లబడేది.

నాకు మూడెకరాల ఎర్రనేల ఉంది. మా ఆయన కామెర్లతో పోయాక నా పేరు మీదికొచ్చింది. ఆయన బతికినన్నాళ్ళూ ఆ చేనులో రాళ్ళు ఏరాడు. ఏరిన రాళ్ళతోనే గట్టు కట్టాడు. నంబర్ల సారు చేను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆ గట్టు మీదే నిలబడేవాడు. చేనులోకి దిగడు. చెప్పులకు మట్టి అంటుతుందని. గట్టు మీద నాలుగు మూలలా తిరిగి ఫోనులో ఏదో నొక్కి, "నీ చేను ఇప్పుడు ఆకాశంలోంచి కనపడతాది" అనేవాడు.

ఒక ఏడు ముంగారు వాన, విత్తనానికి పడాల్సిన తొలకరి, పూర్తిగా ఎత్తిపోయింది. మా వైపు ఇది కొత్త కాదు. విత్తనం వేయలేదు, చేను బీడు పెట్టాను. వాడు వచ్చి, మామూలుగానే రుమాలు పరిచి కూర్చుని, వేలు నాకి, కాగితం తిప్పి, నా చేయి పట్టుకున్నాడు.

"సారూ, ఈ యేడు ఇత్తనమే ఎయ్యలేదు కదా, దేనికి యేలు?"

"కాగితానికి చేను కావల్లమ్మా, పంట కాదు."

ఎక్కడెక్కడి నుంచో లారీల్లో తెచ్చిన కాయలకు పుట్టిన చేను కావాలి. మా బీళ్ళు వాడికి అందుకు పనికొచ్చాయి. వేలు వేయకపోతే నంబరు పోతుంది, నంబరు లేనివాళ్ళకు యార్డులో పని లేదు అన్నాడు. వేశాను. ఎవరూ నా చేయి విరవలేదు. వాడు పట్టుకున్నాడు, నేను వదిలేశాను. ఇది చెబుతుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. వేయనీ.

ఉగాది దాటింది. ఒక మధ్యాహ్నం వాడు ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. రుమాలు పరవలేదు, వట్టి మంచం మీదే కూర్చున్నాడు. అప్పుడే నాకు భయం వేసింది. ఓడ ఎక్కిన సరుకులో బూజు విషం తేలిందట. తింటే కాలేయం పాడయ్యే విషం. సరుకు వెనక్కి కొట్టారు. బస్తాల మీద నంబరు చూస్తే నాది. నా బీడులో పుట్టని కాయలు, నా పేరు మీద ఓడెక్కి, విషమై తిరిగొచ్చాయి. ఇప్పుడు కంపెనీవాళ్ళు చేను చూడ్డానికి వస్తున్నారు.

ఏం చెప్పాలో నేర్పించాడు. పంట నాదే అనాలి. ఒలిచేటప్పుడు కాయల మీద నీళ్ళు చల్లాను, అందుకే బూజు పట్టింది అనాలి. ఇందులో ఒక మాట నిజం, అదే వాడి తెలివి. యార్డులో మేమందరం నీళ్ళు చల్లుతాం. ఎండుకాయ ఒలిస్తే గోళ్ళు చీలతాయి. ముందురోజు నీళ్ళు చిలకరించి గోనెపట్టా కప్పితే పొట్టు మెత్తబడుతుంది, గింజ పగలదు. మిల్లువాళ్ళకు తెలుసు, వాడికీ తెలుసు. దానికీ బూజుకూ సంబంధం ఉందని మాకు మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

"నీ ఒక్క చేనుకే ఎర్ర గుర్తు పడతాది. ఊర్లో మిగతా చేన్లన్నీ బతుకుతాయి. మిల్లు బతుకుతాది" అన్నాడు.

"నా చేను ఏం చేసింది సారూ?"

నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. "నీకేముండాదమ్మా. మొగుడు ల్యాడు, పిల్లలు ల్యారు. ముండమోసినదానివి. చేనుకు పేరుంటే ఏమి, పోతే ఏమి."

ఆ మాట కోపంగా అనలేదు. లెక్క తేల్చినట్టు, మెత్తగా అన్నాడు. అందుకే ఇప్పటికీ చెవిలో పురుగులా తిరుగుతుంది. మా ఆయన రాళ్ళు ఏరిన చేను, ఎవరికో విషం పెట్టిన చేనని నా నోటితో నేను చెప్పాలి. వాడు అడిగింది అదే.

అంతటితో ఊరుకోలేదు. కోత కోసిన చేనైతే అక్కడక్కడ కాయలు మిగిలి ఉండాలి కదా. తవ్వకంలో తప్పిపోయిన కాయలను మేం తర్వాత పరిగె ఏరుకుంటాం. బీడులో ఏముంటాయి. మిల్లులోంచి రెండు గంపల కాయలు తెప్పించి, నన్నూ ఓబులమ్మనూ చేనులోకి దింపాడు. మిగిలిపోయినట్టు కనపడేలా పూడ్చమన్నాడు. వాడు గట్టు మీద నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

మేము వంగి పూడ్చాం. అక్కడొకటి ఇక్కడొకటి విసిరేయాల్సింది. ఏం చేస్తాం, పసితనం నుంచి గొర్రు వెనకాల విత్తనం పోసిన చేతులు. పాత చాళ్ళ గుర్తు ఇంకా ఉంది. చేయి తనంతట తనే ఆ చాలు పట్టుకుని, జానెడుకొకటి పెట్టుకుంటూ పోయింది. విత్తనం వేస్తున్నామని మాకే తెలియలేదు. పంట అంటే తెలిసినవాడైతే గట్టు మీద నుంచే అరిచేవాడు. వాడు తల ఎత్తి చూసి, "బాగుండాది" అన్నాడు.

రావాల్సినవాళ్ళు మరుసటి రోజు రాలేదు. విదేశం నుంచి వచ్చినాయనకు బెంగుళూరులోనే కడుపు చెడిందట. ఆ వారం చివర ఒక జల్లు పడింది. ముంగారులో ఒక్క చుక్క రాల్చని ఆకాశం, మండుటెండల్లో గంటసేపు పోసింది. వాళ్ళు వచ్చేసరికి రెండు వారాలైంది. ఆ ఉదయం నేను చేను దగ్గరికి పోయి చూస్తే, ఎర్రటి నేల మీద పచ్చటి మొలకలు. వరసగా. చాలు వెంట చాలు. ఓబులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉంది. తర్వాత నవ్వాపి, "సచ్చినాం అక్కా" అంది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ఎండకు ముఖం కందిపోయిన విదేశీ ఆయన, బెంగుళూరు ఆఫీసు నుంచి ఒకామె. ఆమెది కన్నడం కలిసిన తెలుగు, మాకు బాగానే అర్థమవుతుంది. వాళ్ళిద్దరూ బూట్లతోనే చేనులోకి దిగారు. నంబర్ల సారు గట్టు మీదే నిలబడ్డాడు. ఆ పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక మొలకను వేలితో ముట్టుకున్నాడు. ఆమె ఆ చాళ్ళ వైపు చాలాసేపు చూసింది.

"ఇదేనమ్మా, ఆ సరుకు పండిన చేను?" అని అడిగింది.

వాడు గట్టు మీద నుంచే అందుకున్నాడు. "అవును మేడం, అది కోసినాంక ఇత్తనానికని రెండో పంట ఏసినారు. అంతా రికార్డులో ఉండాది."

"మీరు చెప్పబేడి. ఆమె చెప్పాలి."

వాడు నన్ను చూశాడు. నవ్వాడు. నేను మొలకల వైపు చూశాను. ఇది విషం పెట్టిన చేనని ఇప్పుడంటే, ఈ పసిమొలకలు కూడా విషమే అవుతాయి. ఆ మాట నోటిదాకా వచ్చి, వెనక్కి పోయింది. బయటికి వచ్చింది వేరే.

"పోయినేడు ఈ చేన్లో ఒక్క ఇత్తనం కూడా పడలేదమ్మా. వాన రాలే. ఆ కాయలు నావి కాదు. యేలు మాత్రం నాదే, యేసినా. ఈ మొలకలు మేం మొన్న పూడ్సినవి. ఈయప్ప గట్టు మీద నిలబడి పూడ్పించినాడు."

ఓబులమ్మ నేల చూపులు చూస్తోంది. బెంగుళూరు ఆమె అంతా రాసుకుంది. నీళ్ళు చల్లే సంగతి కూడా చెప్పాను. ఎందుకు చల్లుతామో చెప్పి, చీలిన గోళ్ళు చూపించాను. ఆమె నా చేయి పట్టుకుని చూసింది. ఆమె చేయి పొడిగా ఉంది.

వాడు తిట్టలేదు. కొట్టడానికి రాలేదు. వచ్చినవాళ్ళకు కొబ్బరి ఎళనీరు కొట్టించి, కారు తలుపు తీసి, వంగి సాగనంపాడు. నేను మాత్రం ఆ వారమంతా యార్డుకు పోలేదు. ఊళ్ళో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. మిల్లు మూతపడితే దానికి కారణం నేనే అన్నట్టు చూశారు. నంబర్ల సారు పని అయిపోయిందని మాత్రం అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

పది రోజులకు వాడు యార్డుకు వచ్చాడు, కొత్త చొక్కా వేసుకుని. నన్ను పిలిపించాడు. షెడ్డు కింద ఆడవాళ్ళంతా ఉన్నారు. చేతిలో ఒక కాగితం ఉంది, అదే చదివి వినిపించాడు. మా ఊళ్ళో ఒక మహిళా రైతు భయం లేకుండా ఫిర్యాదు చేయగలిగిందట. ఆ ఫిర్యాదును వెంటనే విచారించి పరిష్కరించారట. ఆ మహిళ తృప్తి చెందిందట. ఫిర్యాదు చేసే ధైర్యం రైతులకు ఇచ్చినందుకు పైవాళ్ళు వాడిని మెచ్చుకున్నారట. నేను నోరు తెరిచి చెప్పిన నిజాన్ని వాడు నమిలి, మింగి, బలిసి వచ్చాడు. మా గింజ ఒక్కటి నమలనివాడు, నా మాటను మాత్రం నమిలాడు.

"ఇంగ దీని మీద నీ యేలు పడితే మిల్లు ఆగకుండా నడుస్తాది" అన్నాడు. నాలుకకు వేలు రాసుకున్నాడు.

నేను పిడికిలి బిగించాను. వాడు నా మణికట్టు పట్టుకుని వేళ్ళు విప్పబోయాడు. ఆ చెమ్మ, ఆ మెత్తదనం.

"నాకు తృప్తి కాలే సారూ" అన్నాను. "చెయ్యి ఇడువు."

విడిచాడు. అందరి వైపూ ఒకసారి చూశాడు. అందరి వెనకాలా రేపటి కూలి నిలబడి ఉందని వాడికి తెలుసు. నేను ఆగలేదు, వచ్చేశాను. నా వెనకాల ఏం జరిగిందో సాయంత్రం ఓబులమ్మే వచ్చి చెప్పింది. వాకిట్లోనే నిలబడింది, లోపలికి రాలేదు.

"నీ జాగాలో నా యేలు యేయించుకున్యాడు అక్కా."

"నువ్వెట్లిచ్చినావే?"

"నువ్వు ఇయ్యనంటివి. మిల్లు మూస్తామనిరి. నా యేలు నాదే కదా, ఇచ్చినా."

"పేరు నాది కదే."

"పేరు నీదే. ఎవురు కాదన్యారు." మళ్ళీ తనే అంది, "సారును అడిగినా, యేలు తేడా తెలవదా అని. ఆడ సూసేటోళ్ళకు అన్నీ ఒకటే అన్యాడు."

దాన్ని కొడదామనుకున్నాను. చేయి లేవలేదు. అది తన కుడిచేతిని చీరకు తుడుచుకుంటూనే ఉంది. సిరా ఎప్పుడో పోయింది, చర్మం మాత్రం ఎర్రగా కమిలి ఉంది.

"అన్నం తిన్యావా?" అని అడిగాను.

"మూడు తూర్లు కడిగినా అక్కా" అంది. "ఈ చేత్తో ముద్ద ఎత్తబుద్ధి కాలే."

లోపలికి పోయి సంగటి తెచ్చాను. గడప మీద కూర్చోబెట్టి, నా చేత్తో కలిపి, దాని నోట్లో పెట్టాను.